'పరుషమైన పేర్లు': కెల్టుల పద్యంలో ఒక విశేషణం

కృష్ణాతీరం: రెండు రోజులుగా ఒక పద్యపాదం వెంటాడుతోంది. "కెల్టులకు, ఇబీరులకు పుట్టిన మనం మన నేల పేర్లను పద్యంలో చెప్పుకోవడానికి సిగ్గుపడవద్దు" అని భావం. ఈ రెండూ ప్రాచీన స్పెయిన్‌లో ఉన్న జాతులు. పద్యం అక్కడ పుట్టిన రోమన్ కవి మార్షల్‌దని గుర్తు. ఆ పేర్లకు ముందున్న విశేషణం 'మొరటు' అనా, 'కటువైన' అనా?

పాతపుటలు: మార్షల్‌దే. నాలుగో పుస్తకం, 55వ పద్యం. లాటిన్ మూలంలో ఆ మాట 'దూరియోరా'. మొరటు అంటే మనుషుల మీదికి పోతుంది. ఇక్కడ బిరుసుగా ఉన్నది పేర్లు. 'పరుష' ఉండగా వెతుకులాట ఎందుకు?

వర్ణక్రమం: 'పరుష' నాకూ నచ్చింది. అయితే అది వాడేవారు 'సెల్టులు' అని రాయకూడదు. గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ 'కెల్టోయ్' అన్నాడు. ఎకారం ముందు క మారిపోవడం లాటిన్‌లో తర్వాతి కాలపు సంగతి. కన్నడ కివి మనకు చెవి, కెడు మనకు చెడు అయినట్టే. మన చకారం ఇంకా పరుషమే. 'సెల్ట్' అన్నవారు పరుషం వదిలి సకారమనే స్థిరానికి వెళ్లారు.

గట్టుమీద: 1887లో పుట్టిన గ్లాస్గో ఫుట్‌బాల్ జట్టును అందరూ 'సెల్టిక్' అనే అంటారు కదా?

వర్ణక్రమం: జట్టుకు సరే. జాతికి ఒప్పుకోను.

పాతపుటలు: ఏ జాతికి? బ్రిటన్, ఐర్లండ్ వాసులను ప్రాచీన రచయితలు కెల్టులు అనలేదు. 1707లో భాషా పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్ వెల్ష్, ఐరిష్, కార్నిష్, బ్రెటన్ భాషల చుట్టరికం చూపాకే ఆ పేరు వారికి అతుక్కుంది. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్, స్విట్జర్లండ్‌లో లా టెన్ తవ్వకాలలో దొరికిన వస్తువులకు కెల్టుల ముద్ర పడింది 19వ శతాబ్దంలో.

గట్టుమీద: అలాగైతే వెల్ష్‌వారి నేటి కెల్టు అభిమానం అబద్ధమా? 1816లో ఎల్లిస్, 1856లో కాల్డ్వెల్ రాసేదాకా మనది ద్రావిడ భాషాకుటుంబమని మనలో ఎందరు అనుకున్నారు? పేరు ఆలస్యంగా వచ్చింది, చుట్టరికం ఎప్పటినుంచో ఉంది.

పాతపుటలు: భాషల చుట్టరికం కాదనను. దాన్ని రక్తసంబంధం చేసినప్పుడే నా పేచీ.

వర్ణక్రమం: మార్షల్ దగ్గర ఆ పేచీ నిలవదు. "కెల్టులకు పుట్టాం" అని తన నోటితో చెప్పుకున్న ప్రాచీన కవి ఇంకెవరున్నారు? ఆయన ఊరు బిల్బిలిస్ ఉన్న స్పెయిన్‌లోని అరగాన్ ప్రాంతంలోనే, బొటొరిటాలో, 1970లో దొరికిన కంచు పలక మీద ఉన్నది కెల్టిక్ భాష. ఆ పద్యంలో ఊళ్లను ఒక్కొక్కటే తలచుకుంటాడు, బురాడో అనే చోటి పవిత్రమైన ఓక్ తోపును తలచుకుంటాడు. "సుకుమార పాఠకుడా, ఈ పల్లెటూరి పేర్లకు నవ్వుతావా? నవ్వుకో" అంటాడు. ముప్పై ఏళ్లకు పైగా రోమ్‌లో బతికి, చివరికి ఆ ఊళ్ల మధ్యకే చేరాడు. నాకు ప్రాణమైన కవి.

కృష్ణాతీరం: ఆ 'పల్లెటూరి' మూలంలో 'రుస్టికా' కదా! నా 'మొరటు' అక్కడిదేమో.

పాతపుటలు: కావచ్చు. అన్నట్టు 'దూరియోరా' తారతమ్య రూపం, అంటే ఎక్కువ తక్కువలు చెప్పేది. 'కాస్త పరుషమైన' అనాలి.

వర్ణక్రమం: 'కాస్త' వద్దండీ. కవి వద్దన్న సిగ్గు ఆ ఒక్క మాటతో మళ్లీ లోపలికి వస్తుంది.