అంబాసిడర్ డ్రాగ్ కారు: మొదట చూడవలసింది కమాను కట్టలా, బాడీయా?

ప్రశ్న (తిరుపతి)

నమస్కారం. మా నాన్నగారి అంబాసిడర్ 1800ను పావు మైలు, అంటే 402 మీటర్ల డ్రాగ్ పరుగు (నిలిచిన చోటి నుంచి తిన్నగా దూసుకెళ్ళే పందెం) కోసమే సిద్ధం చేస్తున్నాను. క్లచ్ వదలగానే వెనుక ఇరుసు దడదడమని ఎగురుతోంది, కుడి చక్రం ఒక్కటే గిరగిర తిరుగుతోంది. నాలుగైదు పరుగుల తర్వాత డ్రైవరు వైపు తలుపు సరిగా పడడం లేదు. మెకానిక్ గారు వెనుక కమాను కట్టలకు (లీఫ్ స్ప్రింగులకు) మరో రెండు పట్టీలు చేర్చమంటున్నారు. అది సరిపోతుందా?

జవాబు (రేణిగుంట)

అన్నిటికంటే ముందు పట్టించుకోవలసింది ఆ తలుపునండీ. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. బాడీ మెలితిరుగుతున్నంత కాలం అదీ ఒక స్ప్రింగే. దాని గట్టిదనం ఎంతో ఎవరూ కొలవలేదు కాబట్టి, సస్పెన్షన్‌లో ఏ మార్పు చేసినా ఒక పరుగుకూ మరో పరుగుకూ పొంతన కుదరదు. తలుపుల కింది తుప్పు కోయించి కొత్త రేకు వేయించండి. తర్వాత ముందువైపు ఇంజన్‌ను మోసే పట్టెలను కమాను కట్ట ముందు కొస బిగించే చోటి దాకా చదరపు గొట్టాలతో కలిపి వెల్డింగ్ చేయించండి. ఆ సమయంలో కారు జాకీల మీద కాక తన చక్రాల మీదే నిలబడి ఉండాలి. లేకుంటే వంకర వంకరగానే అతుక్కుపోతుంది.

ఎగరడానికి కారణం వేరు. చక్రం ముందుకు తిరగబోతే ఇరుసు గొట్టం వెనక్కి తిరగబోతుంది. కమాను కట్ట పాములా వంకరపోయి, టైరు పట్టు జారగానే తిరిగి సాగుతుంది. పట్టీలు చేర్చితే ఇది కొంత తగ్గవచ్చు గానీ కారు ఎత్తు పెరిగి బిరుసెక్కుతుంది. ఇరుసు కింద బిగించే ట్రాక్షన్ బార్ మేలు: దాని కొసనున్న రబ్బరు దిమ్మ కమాను ముందు కన్ను (కొసనున్న చుట్ట) కింద ఆనగానే మెలిక ఆగి, ఆ శక్తే టైరును రోడ్డుకు అదుముతుంది. ఇంజన్ శక్తిని వెనుక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పుడుకు ఇరుసు కుడి కొస పైకి లేస్తుంది కనుక, కుడి దిమ్మకు ఖాళీ కాస్త తక్కువ ఉంచండి.

జవాబు (చిత్తూరు)

పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక మాట. ఎలాగూ వెల్డింగ్ చేయిస్తున్నప్పుడు రోల్ కేజ్ (కారు బోల్తాపడినా నలగకుండా లోపల వేసే గొట్టాల చట్రం) కూడా ఇప్పుడే వేయించండి. అది ప్రాణానికి రక్ష, బాడీకి బలం. అంతర్జాతీయ మోటారు పందేల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనల ప్రకారం డ్రైవరు వెనుక నిలిచే ప్రధాన వంపుకు అతుకులేని కోల్డ్ డ్రాన్ (వేడి చేయకుండా సాగదీసిన) ఉక్కు గొట్టం 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం ఉండాలి. గొట్టాల పాదాల కింద 3 మి.మీ. మందం, 120 చదరపు సెంటీమీటర్ల పలక కావాలి. నాకు ఒకచోట నీళ్ళ పైపు వంచి ఇచ్చారు, కోయించి పారేశాను.

ముందు చక్రాల టార్షన్ బార్లను (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలను) బిగించకండి. 1100 కిలోల కారు, 2464 మి.మీ. వీల్‌బేస్, 55 సెం.మీ. ఎత్తున గరిమనాభి అనుకుంటే, 0.5 జి (గురుత్వ త్వరణంలో సగం) త్వరణంలో దాదాపు 120 కిలోల బరువు ముందు నుంచి వెనక్కి మళ్ళుతుంది. షాక్ అబ్జార్బర్లు సులువుగా సాగితే ముక్కు త్వరగా లేచి, ఆ బరువు టైర్లకు వెంటనే అందుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు నడుపుకొని వెళ్ళవచ్చా?

జవాబు (రేణిగుంట)

వద్దండీ. వాహనంలో మార్పులను నియంత్రించే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి అటుంచితే, హెల్మెట్ లేకుండా కేజ్‌లో కూర్చుని రోడ్డెక్కడమే ప్రమాదం. ట్రైలర్ మీద తీసుకువెళ్ళండి. కట్టే పట్టాలను బాడీకి కాక ఇరుసుకు బిగించండి.