ఫస్టియర్ ఫిలాసఫీకి హాజరు మార్కులు పెట్టడం న్యాయమేనా?

రాత్రిషిఫ్ట్_రాజు: బీఏ ఫస్టియర్. ఫిలాసఫీ పరిచయం పేపర్ తీసుకున్నా. మొదటి రోజే సార్ రూల్స్ కాగితం పంచారు. ఇంటర్నల్స్ 20లో 5 హాజరుకి, 5 క్లాసులో చర్చకి, మిగతా 10 టెస్టుకీ అసైన్‌మెంటుకీ. 10 నిమిషాలు లేటైతే ఆబ్సెంట్. బల్ల మీద ఫోన్ కనిపించినా ఆబ్సెంటే. నేను రాత్రిళ్లు గోడౌన్‌లో ప్యాకింగ్ పని చేసి కాలేజీకి వస్తా. పాఠం ఇంట్లో చదువుకుంటా. పరీక్షలో రాసినదానికి మార్కులివ్వాలి గానీ, బెంచీ మీద కూర్చున్నందుకు మార్కులేంటి?

తర్కం_మాస్టారు: రాజూ, నేనూ ఇదే పేపర్ చెప్తాను, మీ కాలేజీలో కాదులే. ఫ్రెంచ్ ఫిలాసఫర్ దేకార్త్ అన్నిటినీ అనుమానించి చూశాడు కదా, ఆ సందేహం గురించి నోట్సులో రెండు పేజీలుంటుంది. చదివి రాసేయొచ్చు, మార్కులూ పడతాయి. కానీ "నువ్విప్పుడు కల కనడం లేదని ఎలా చెప్తావ్?" అని క్లాసులో అడిగితే ఒకడు గిల్లుకుని చూపిస్తాడు. కలలో గిల్లుకుంటే నొప్పి పుట్టదా అని ఇంకొకరు లేస్తారు. ఆ అరగంట ఏ గైడులోనూ దొరకదు. నా క్లాసులో ఒకటే పద్ధతి, న్యాయదర్శనం వాళ్ల (మన పాత తర్కశాస్త్రం, లా కాదు) పూర్వపక్షం. ఎదుటివాడి వాదన వాడు కూడా "అవును, నేనన్నది ఇదే" అనేలా చెప్పాకే ఖండించాలి. సగంలో వచ్చి కూర్చున్నవాడు ఏం విన్నాడని ఖండిస్తాడు? అందుకే నా క్లాసులోనూ ఆ 10 నిమిషాల రూలు.

గట్టుమీద_గోపి: సోక్రటీస్ హాజరు పట్టీ పెట్టాడా సార్?

తర్కం_మాస్టారు: పెట్టలేదు. మార్కులూ వెయ్యలేదు, ఫీజూ తీసుకోలేదు. నాకు ఇంటద్దె ఉంది.

రాత్రిషిఫ్ట్_రాజు: మా ఊరి బస్సు ఎప్పుడూ టైముకి రాదు. 12 నిమిషాలు లేటైతే దేకార్త్ అర్థం కాడా? 9 నిమిషాలైతే అవుతాడా?

తర్కం_మాస్టారు: ఎక్కడో ఒక చోట గీత గియ్యాలి కదా. ముందు బస్సు ఎక్కు.

రాత్రిషిఫ్ట్_రాజు: ముందు బస్సు లేదు సార్. అదే చెప్తున్నా.

కండోనేషన్_బాధితుడు: జేఎన్‌టీయూలో హాజరు 65 శాతానికీ 75కీ మధ్య ఉంటే కారణం చూపించి ఫీజు కడితే సరిపోయేది, దాన్నే కండోనేషన్ అంటారు. నేను కట్టా. ఫీజు కట్టగానే పోయిన క్లాసులన్నీ బుర్రలోకి వచ్చేశాయి మరి.

నల్లకోటు_నాని: 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది చూడండి. హాజరు తక్కువుందని లా విద్యార్థులను పరీక్ష రాయకుండా ఆపకూడదని.

తర్కం_మాస్టారు: అది లా కోర్సుల సంగతి, అదీ పరీక్షకి కూర్చోనివ్వడం గురించి. ఇక్కడ మాట్లాడుతున్నది ఐదు మార్కుల గురించి.

చికాగో_చిన్నోడు: ఇక్కడ చికాగోలో ఇంట్రో ఫిలాసఫీకి టీఏగా (టీచింగ్ అసిస్టెంట్) చేస్తున్నా. హాజరు సంగతి ప్రొఫెసర్ ఇష్టం. కొందరు అసలు పట్టించుకోరు, కొందరు గ్రేడులో కోస్తారు. ఏదైనా మొదటి వారంలోనే సిలబస్‌లో రాసిస్తారు. నాకు నచ్చింది వేరే. మా కోర్సులో పేపర్లు దిద్దేటప్పుడు పేరు కనపడదు, నంబరే ఉంటుంది. కానీ చర్చ మార్కులకి పేరు దాచలేం. అసలు గొడవంతా అక్కడే అని నా అనుమానం.

పల్లవి_పాలకుర్తి: చికాగో అన్న సరిగ్గా చెప్పాడు. హాజరు గురించి ఇంత సేపు కొట్టుకుంటున్నారు, నాకు హాజరు ఫుల్లు. చర్చకి మాత్రం ఐదుకి ఒకటి. పదో తరగతి దాకా జెడ్పీ స్కూల్లో తెలుగు మీడియం. ఒకసారి చార్వాకుల (పరలోకం లేదన్న పాతకాలం వాదులు) మీద డౌటు అడిగితే, "ఇంగ్లిష్‌లో ట్రై చెయ్యమ్మా" అన్నారు మా సార్. ఆ తర్వాత నోరు తెరవలేదు. పుస్తకం ముట్టుకోని అబ్బాయి ఒకడు "యాక్చువల్లీ సార్" అంటూ మొదలుపెట్టి ఐదుకి ఐదు కొట్టేశాడు.

తర్కం_మాస్టారు: అమ్మా, నోరు విప్పకపోతే నువ్వేం అనుకుంటున్నావో టీచరుకి ఎలా తెలుస్తుంది? భయం పోగొట్టుకోవాలి.

పల్లవి_పాలకుర్తి: భయం అని నేను అన్నానా సార్? నోరు విప్పాననే రాశా. పూర్వపక్షం సరిగ్గా చెప్పాకే ఖండించాలని పైన మీరే అన్నారు.

గట్టుమీద_గోపి: 🔥🔥

రాత్రిషిఫ్ట్_రాజు: మాస్టారికి కావాల్సింది చర్చ కాదు, హాలు నిండా జనం.

తర్కం_మాస్టారు: అవును, జనమే కావాలి. ఏం తప్పు? నేను పర్మనెంట్ కాదు, గెస్ట్ లెక్చరర్‌ని. చెప్పిన పీరియడ్లకే డబ్బులు. పోయినేడాది ఒక మధ్యాహ్నం క్లాసులో నలుగురున్నారు. ప్రిన్సిపాల్ తలుపు దగ్గర నిలబడి చూసి, "ఈ సబ్జెక్ట్ నడపడం అవసరమంటారా?" అని అడిగారు. ఎకనామిక్స్ ఆయనకి ఆ ప్రశ్న ఎదురవదు. రిజిస్టర్ పలచబడితే మొదట ఎగిరిపోయేది మా పేపరే. మీరు ఇంట్లో చదువుకుంటారు సరే, వచ్చే ఏడు చదవడానికి ఈ పేపరుండాలిగా?

రాత్రిషిఫ్ట్_రాజు: అంటే మా మార్కులు పట్టుకుని మీ పీరియడ్ కాపాడుకుంటున్నారు. ఆ ముక్క ముందే చెప్తే దేకార్త్‌ని మధ్యలోకి లాగే పని లేదుగా.

తర్కం_మాస్టారు: రెండూ నిజమే. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం అయిపోదు.

నల్లకోటు_నాని: రాజూ, ఇంకోటి. మా ఆంధ్రాలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా 75 శాతం హాజరు అడిగారు. మీ సార్ ఆ ఐదు మార్కులు తీసేసినా నీ బస్సు కష్టాలు తీరవు.

పల్లవి_పాలకుర్తి: నాదొక మాట. క్లాసు చివర అందరికీ చిన్న చీటీ ఇవ్వండి. ఆ రోజు పాఠం మీద ఒక ప్రశ్నో, ఒక అభ్యంతరమో రాయాలి. తెలుగులో రాసినా సరే. వచ్చారో లేదో తెలుస్తుంది, విన్నారో లేదో కూడా తెలుస్తుంది. చర్చ మార్కులు వాటికి వెయ్యండి. మాట్లాడేవాళ్లు ఎలాగూ మాట్లాడతారు.

తర్కం_మాస్టారు: అరవై మంది చీటీలు రోజూ ఎవరు చదువుతారమ్మా? చదివే టైముకి నాకు పైసా రాదు. పైగా పక్కవాడి చేత రాయిస్తారు.

చికాగో_చిన్నోడు: రోజూ అన్నీ చదవక్కర్లేదు. పది తీసి చదవండి, మర్నాడు వాటితోనే క్లాసు మొదలుపెట్టండి. మేం అలాగే చేస్తాం.

రాత్రిషిఫ్ట్_రాజు: చీటీకి నేను ఓకే. లేటుగా వచ్చినా రాయనివ్వాలి.

తర్కం_మాస్టారు: నా క్లాసైతే, లేటుగా వచ్చినా రాయి, చర్చ మార్కు వేస్తా. హాజరు మాత్రం వెయ్యను.

పల్లవి_పాలకుర్తి: తెలుగులో రాస్తే ఐదుకి ఐదు వస్తాయా సార్? సూటిగా చెప్పండి.

తర్కం_మాస్టారు: వాదన నిలబడితే నా క్లాసులో వస్తాయి. మీ సార్ సంగతి నేను చెప్పలేను.

కండోనేషన్_బాధితుడు: ఫోన్ బల్ల మీదుంటే ఆబ్సెంట్ అన్నారు కదా, మా క్లాసులో సగం మందికి టెక్స్ట్‌బుక్ ఫోన్లో పీడీఎఫే. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?