పదహారేళ్లకే ఎల్‌ఎల్‌ఆర్ (లర్నర్ లైసెన్సు) తీయించాలా, పద్దెనిమిది దాకా ఆగాలా?

ఖమ్మం అమ్మ:
మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్. కాలేజీ ఊరికి ఆ చివర. స్టడీ అవర్స్ అయ్యేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. ఆ వేళకి బస్సు ఉండదు, కిక్కిరిసిన షేర్ ఆటోలో అంచున కూర్చుని వస్తాడు. "పదహారు నిండాయి కదమ్మా, ఎల్‌ఎల్‌ఆర్ తీయించండి, మన స్కూటీ మీద వెళ్లొస్తా" అని రోజూ ఒకటే పోరు. వాళ్ల నాన్న సరేనంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

లాయర్ గుమస్తా:
అక్కా, ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ బండో చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం పదహారు నిండినవాళ్లు రోడ్డు మీద నడపగలిగేది 50 సీసీ దాటని బండి మాత్రమే. మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే వచ్చే ఎల్‌ఎల్‌ఆర్ కూడా గేర్లు లేని ఆ చిన్న బండికే. మీది 110 సీసీ స్కూటర్ అయితే ఆ కాగితం దానికి చెల్లదు.

2019 సవరణలో 199ఎ అనే సెక్షన్ వచ్చింది. మైనర్ తప్పు చేస్తే శిక్ష తల్లిదండ్రులకో, బండి ఓనరుకో పడుతుంది. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. "నాకు తెలియకుండా తాళం తీసుకెళ్లాడు" అంటే సరిపోదు, ఆ సంగతి మీరే రుజువు చేసుకోవాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఉండి, దానికి తగిన బండే నడిపితేనే తల్లిదండ్రులకు ఇందులో మినహాయింపు.

గోదారి గట్టు:
రూలు సరే. ఆ 50 సీసీ బండి ఏ షోరూమ్‌లో దొరుకుతుందో చెప్పండి! లూనాలు, టీవీఎస్ 50లు ఊరంతా తిరిగిన రోజుల్లో రాసుకున్న లెక్క అది. ఇప్పుడు టీవీఎస్ ఎక్స్‌ఎల్ కూడా వంద సీసీయే. పదహారేళ్లకి నేర్చుకోవచ్చని చట్టంలో రాసి, నేర్చుకోవడానికి బండే లేకుండా చేస్తే పిల్లలు దొంగచాటుగానే నేర్చుకుంటారు. పద్దెనిమిది నిండిన మర్నాడు 150 సీసీ బండి కొనిస్తాం. అది మాత్రం క్షేమమా? వేగానికి హద్దు పెట్టి, పగటిపూట మాత్రమే అని షరతు పెట్టి, పదహారు నుంచే పద్ధతిగా నేర్పించాలి. రూలు మార్చమని గట్టిగా అడగాల్సింది మన తల్లిదండ్రులమే.

డ్రైవింగ్ మాస్టారు:
బండి నడపడం పిల్లలకి ఇట్టే వచ్చేస్తుందండీ. రాంది రోడ్డు. నేను రోజూ చూసేది చెబుతాను. మలుపులో ఇసుక ఉంటే ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తారు, చక్రం జారి పడతారు. కుడి పక్కకి తిరగాలంటే ఇండికేటర్ వేస్తారు గానీ వెనక ఏం వస్తోందో తల తిప్పి చూడరు. లారీకి ఎడమ పక్కన సందు కనిపిస్తే దూరిపోతారు. డ్రైవరుకి అక్కడ మనిషి ఉన్నట్టే కనబడదు.

ఎల్‌ఎల్‌ఆర్‌కి పెట్టే కంప్యూటర్ పరీక్షలో 60 శాతం వస్తే చాలు, ఇవేవీ అందులో తేలవు. ఆ కాగితం ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులయ్యాక టెస్టుకి రావచ్చు. ఆ నెల రోజులూ పెద్దవాళ్లు వెనక కూర్చుని నేర్పించాలి. చాలా ఇళ్లలో ఎల్ బోర్డు అంటించి తాళం చేతికిచ్చేస్తున్నారు. నేర్పే మనిషి తప్ప వెనక ఇంకెవరూ ఎక్కకూడదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. నా మటుకు నేను పదహారుకి వద్దంటాను.

డాలస్ నాన్న:
మా టెక్సస్‌లో పదిహేనేళ్లకే లర్నర్ ఇస్తారు, కారుకే. కానీ క్లాసులు వినాలి. లైసెన్సు ఉన్న 21 ఏళ్లు దాటిన మనిషి పక్కన ఉండాలి. 30 గంటలు నడిపించాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. ఆరు నెలలు గడిచాక, పదహారు నిండితేనే తర్వాతి లైసెన్సు. మా అమ్మాయి పక్కన కూర్చున్నప్పుడు నా కాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉండేది, అంత టెన్షన్! అయినా గోదారి గారి మాటే నాకు నచ్చింది. చిన్న వయసు కన్నా, పక్కన నేర్పే మనిషి లేకపోవడమే ప్రమాదం.

ఇంటర్ సెకండియర్:
ఆంటీ, మాకు బండి షోకు కోసం కాదు. చీకట్లో స్టాపులో నిలబడటం ఎంత భయమో ఆడపిల్లలకే తెలుస్తుంది. మా నాన్న చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నారు. గంటకి 25 కిలోమీటర్లు మించదు, మోటారు 250 వాట్లే. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

డ్రైవింగ్ మాస్టారు:
మంచిదేనమ్మా. కానీ కొందరు ఆ స్పీడు లాక్ తీయించేస్తున్నారు. తీస్తే అది మామూలు బండి కిందే లెక్క, లైసెన్సు లేకుండా నడిపినట్టే. అలా చేయించకండి. లాక్ ఉన్నా సరే, బకిల్ పెట్టుకున్న హెల్మెట్ లేకుండా మాత్రం గేటు దాటకూడదు.

ఖమ్మం అమ్మ:
అందరికీ థాంక్స్. మా స్కూటీ 110 సీసీయే, కాబట్టి తాళం ఇచ్చేది లేదని వాళ్ల నాన్నతో చెప్పేశాను. ఎలక్ట్రిక్ బండి సంగతి పగలైతే ఆలోచిస్తాను, మా దారిలో రాత్రిళ్లు ఇసుక లారీలు తిరుగుతాయి. ఎనిమిదింటికి అటు నుంచి వచ్చే పిల్లలందరికీ కలిపి ఒక ఆటో మాట్లాడదామని మిగతా తల్లులని అడిగాను, ముగ్గురు ఒప్పుకున్నారు. ఇలా నెలవారీ ఆటో పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మాట్లాడుకునేటప్పుడు ఏమేం చూసుకోవాలో చెప్పండి.