కీమో తర్వాత అరికాళ్ల మంటకి మిరపకాయ క్రీము పనిచేస్తదా?
మాది కావలి. అమ్మకి కీమో అయిపోయి నాలుగు నెలలైంది గానీ అరికాళ్లు ఒకటే మంట, రాత్రిళ్లు తడిగుడ్డ చుట్టుకోని కూర్చుంటది. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ టీఆర్‌పీవీ1 అనే నొప్పి రిసెప్టర్‌ని (నరాల్లో మంటని, నొప్పిని పసిగట్టేది) ముందు మండించి తర్వాత మొద్దుబారుస్తదంట, ఆ రిసెప్టర్‌ని 1997లో పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ కూడా వచ్చింది. మెడికల్ షాపులో 0.025 శాతం క్రీము ఇచ్చారు, ఇంకా రాయలేదు. 8 శాతం ప్యాచ్ అయితే ఆస్పత్రిలోనే వేస్తారు. నరాల మంటకి ఎవరన్నా వాడారా, ఎన్నాళ్లకి తగ్గింది అన్నా? పక్కింటి పెద్దమ్మేమో పచ్చిమిరపకాయలు నూరి పట్టెయ్యమంటది (తోలు ఊడొస్తది పెద్దమ్మా అని ఆపాను). ఇంకొకాయన కారం తింటే క్యాన్సరే పోద్దంటాడు, అది ల్యాబులో కణాల మీద చూసిన సంగతి కదా. సోమవారం డాక్టరు దగ్గరికి పోతున్నాం, ఏమేం అడగాలో కాస్త చెప్పండి.