మొదటిసారి రాక్ కాన్సర్ట్‌కి వెళ్తున్నా, స్టేజీ ముందు నిలబడొచ్చా?

కొత్త గిటార్:
మా ఇంట్లో రాక్ వినేది నేనొక్కడినే. వచ్చే నెల మొదటిసారి లైవ్‌కి వెళ్తున్నా, అదీ ఒంటరిగా. స్టేజీ ముందు నిలబడే టికెట్టూ వెనక కుర్చీ టికెట్టూ ఒకటే రేటు. నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. ముందుకెళ్తే ఏమైనా కనిపిస్తుందా?

సీమ బేస్:
తమ్ముడూ, నాదీ నీ ఎత్తే. 2007 మార్చి 17, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్, ఇంగ్లండ్ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్. ఇండియాకి వాళ్లు రావడం అదే మొదటిసారి. అప్పుడు అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నా. ఇంట్లో రికార్డులు రాసుకోవాలని చెప్పి పొద్దున్నే ఆర్టీసీ బస్సెక్కి మేఖ్రీ సర్కిల్‌లో దిగిపోయా. అంతమంది నల్లబట్టల్లో ఒకేచోట కనిపించడం అయ్యప్ప సీజన్‌లో తప్ప నేనెప్పుడూ చూడలేదు.

కనిపిస్తుందా అన్నావు కదా. ఎక్కువసేపు కనిపించింది ముందువాడి మెడే. భుజాల సందులోంచి అప్పుడప్పుడూ వాళ్ల సింగర్ బ్రూస్ డికిన్సన్. ఆయన ఒకచోట నిలబడే మనిషి కాదు కాబట్టి నా సందులోకీ వచ్చిపోయాడు. స్టీవ్ హారిస్ బేస్ గిటార్ మోత మాత్రం చెవికంటే ముందు రొమ్ముకు తగిలింది. 'ఫియర్ ఆఫ్ ద డార్క్' మొదలవగానే జనం మాటలే కాదు, గిటార్ ట్యూన్ కూడా "ఓ ఓ ఓ" అంటూ పాడేశారు. హాస్టల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేనొక్కడినే చేసే పిచ్చిపని అనుకునేవాణ్ణి అది! ఎడమకాలి చెప్పు ఆ పాటలోనే పోయింది. ముందుకే వెళ్లు, కాకపోతే బూట్లు వేసుకెళ్లు.

వైజాగ్ డ్రమ్స్:
నేను ఒప్పుకోను. 2011 అక్టోబర్ 30న అదే గ్రౌండ్స్‌లో మెటాలికా బ్యాండ్‌ని చూశాను. రెండ్రోజుల ముందు గుర్గావ్ షో ఆగిపోయింది, ఇదైనా జరుగుతుందా అని ఒకటే టెన్షన్. జరిగింది. ముందుకు దూరితే మూడో పాటకే ఊపిరాడక వెనక్కొచ్చేశా. సౌండ్ మిక్సింగ్ చేసేవాళ్ల టెంట్ పక్కన నిలబడు బాబూ. వాళ్లు వినేదే నువ్వూ వింటావు, చేతులు ఆడించుకోడానికి చోటూ ఉంటుంది. ఆడపిల్లలకైతే ఇదే నా సలహా.

కొత్త గిటార్:
థాంక్స్ అక్కా. సీమ అన్నా, చెవులకి ఏమైనా పెట్టుకోవాలా?

సీమ బేస్:
తప్పకుండా. మందుల షాపులో చెవుల్లో పెట్టుకునే మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి. అప్పుడు నాకు ఆ సంగతి తెలీదు. ఆ రాత్రే వరల్డ్ కప్‌లో బంగ్లాదేశ్‌తో మన మ్యాచ్. మెజెస్టిక్ బస్టాండ్‌లో టీకొట్టు టీవీ చూస్తే మనవాళ్లు 191కి ఆలౌట్. పర్లేదులే, బౌలింగ్‌లో చూసుకుంటారని బస్సులో నిద్రపోయా. తెల్లారి అనంతపురంలో దిగుతుంటే కండక్టర్ ఏదో అన్నాడు. చెవుల్లో గుయ్‌మని మోత, ఏమీ వినపడలేదు. "ఓడిపోయినారబ్బా" అని మూడోసారి అరిచి చెప్పాడు పాపం. నేను ఒంటి చెప్పుతో నిలబడి నవ్వుతుంటే తాగొచ్చాడనుకున్నాడు.