క్షయకరణంలో క్షయించేది ఏమిటి?

సందేహం: మా పాపకు కెమిస్ట్రీ చెబుతున్నాను. "ఎలక్ట్రాన్లు వచ్చి చేరుతుంటే దాన్ని క్షయకరణం అంటారేంటి? చేరితే పెరగాలిగా!" అంది. క్షయం అంటే తరుగుదలే కదా. ఈ పదం తప్పుగా కట్టారంటారా?

జవాబు: తప్పు కాదండీ, నాకు చాలా ఇష్టమైన పదం అది. తరిగేది ఎలక్ట్రాన్లు కాదు, ఆక్సీకరణ సంఖ్య, అంటే సమ్మేళనంలో ఒక్కో పరమాణువుకు లెక్క కోసం కేటాయించే ఆవేశం. ఎలక్ట్రాన్‌ది రుణావేశం కాబట్టి ఒక్కోటి చేరినప్పుడల్లా సంఖ్య ఒకటి పడిపోతుంది. పొటాషియం పర్మాంగనేట్‌తో చూపించండి. పొటాషియం ఒకటి, దానికి +1. ఆక్సిజన్లు నాలుగు, ఒక్కోదానికి −2 చొప్పున −8. మొత్తం కలిపితే సున్నా రావాలి గనక మాంగనీస్‌కు మిగిలేది +7. ఆమ్ల ద్రావణంలో ఆ ఊదారంగు విరిగిపోతుంది చూడండి, అప్పుడు మాంగనీస్ +2 కి దిగుతుంది. ఐదు ఎలక్ట్రాన్లు చేరాయి, సంఖ్యలో ఐదు తరిగాయి.

ఇంకో సంగతి. ఎలక్ట్రాన్‌ను కనుగొన్నది 1897లో. క్షయకరణం అన్న భావన అంతకంటే పాతది, అప్పట్లో ఆక్సిజన్‌ను తీసేయడాన్నే అలా అనేవారు. 160 గ్రాముల ఫెర్రిక్ ఆక్సైడ్‌లోంచి ఆక్సిజన్‌ను తీసేస్తే 112 గ్రాముల ఇనుము మిగులుతుంది. అప్పట్లో తరిగింది బరువు, ఇప్పుడు తరిగేది సంఖ్య. రెండింటికీ క్షయం అన్న మాట చక్కగా అతుకుతుంది.

మరొకరు: నన్నడిగితే అసలు చిక్కు 'ఆక్సీకరణం' (క్షయకరణానికి వ్యతిరేకం, సంఖ్య పెరగడం) అన్న మాటలోనే ఉంది. ఆక్సిజన్ డైఫ్లోరైడ్‌లో ఫ్లోరిన్లు రెండూ −1 చొప్పున తీసుకుంటాయి, ఆక్సిజన్‌కు +2 వస్తుంది. అంటే అక్కడ ఆక్సిజనే ఆక్సీకరణం చెందింది! హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దాని విలువ −1. అందుకే ఆక్సిజన్ అంటే −2 అని పిల్లల చేత బట్టీ పట్టించకండి. 'ఆక్సీకరణి' దగ్గర కూడా తడబడతారు. అది ఎదుటిదాన్ని ఆక్సీకరణం చేస్తుంది, తాను క్షయకరణం చెందుతుంది. 'చేయు', 'చెందు' అన్న క్రియలు రెండూ విడివిడిగా పలికించండి, సగం తికమక పోతుంది.

ఇంకొకరు: దయచేసి ఆక్సీకరణ సంఖ్యను సంయోజకత (పరమాణువు ఏర్పరచే బంధాల సంఖ్య) అనకండి, రెండూ వేరు. మీథేన్‌లో కార్బన్‌కు −4. హైడ్రోజన్ల స్థానంలో ఒక్కో క్లోరిన్ పెడుతూ పోతే −2, 0, +2, చివరికి కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో +4. సంయోజకత మాత్రం మొదటినుంచి చివరిదాకా నాలుగే.

అడిగినవారు: అందరికీ కృతజ్ఞతలండీ. పాపతో పొటాషియం డైక్రోమేట్ చేయించాను. రెండు పొటాషియంలకు +2, ఏడు ఆక్సిజన్లకు −14 వేసి, క్రోమియంకు +12 అని రాసి ఆగిపోయింది. "ఎన్ని క్రోమియంలున్నాయి?" అంటే, గబుక్కున రెండుతో భాగించి +6 చేసింది. నారింజ రంగు ఆకుపచ్చగా మారేసరికి అది +3 అవుతుందని చెప్పాను. "ఒక్కోదానికి మూడు క్షయం, రెండింటికీ ఆరు. అంటే ఆరు ఎలక్ట్రాన్లు వచ్చాయి" అని తనే చెప్పేసింది.