"పొమ్మనుటే చాలు"నా, "పొమ్మనుటే చావు"నా?

పిట్స్‌బర్గ్ వాసి:
వేమన పద్యం ఒకటి మూడొంతులే గుర్తుంది, సాయం పట్టండి. "చంపదగిన యట్టి శత్రువు తనచేత / చిక్కెనేని కీడు సేయరాదు / పొసగ మేలు చేసి పొమ్మనుటే..." ఆ తర్వాత "చాలు" అని నేను, "చావు" అని మా ఆవిడ. సంగతేమిటంటే, పెన్సిల్వేనియాలో రెడ్ ఫ్లాగ్ చట్టం (ప్రమాదం ఉందనిపిస్తే కోర్టు ఆదేశంతో ఒకరి తుపాకి కొంతకాలం దూరంగా పెట్టించేది) కోసం రాష్ట్ర సెనేటర్లకి మనవాళ్ల చేత ఉత్తరాలు రాయిస్తున్నాం. 2023లో బిల్లు దిగువ సభ దాటింది, సెనేట్‌లో కదల్లేదు. గుడి దగ్గర పంచే తెలుగు కరపత్రం మీద ఈ పద్యం వేద్దామని. శనివారం ప్రింటుకి ఇవ్వాలి.

ఛందస్సు మాస్టారు:
గణాలు చూసి తేల్చలేరు. "పొమ్మను" భగణం, "టేచాలు" తగణం. "టేచావు" అన్నా తగణమే. యతి పొ–పొ, దానికీ ఈ గొడవకీ సంబంధం లేదు. ఇక అర్థం. శత్రువుకి మేలు చేసి పంపేస్తే ఆ సిగ్గే వాడికి చావు. "చంప" అని ఎత్తుకుని "చావు" దగ్గర దించడం వేమన దెబ్బ. "చాలు" అనేది బడిపిల్లల కోసం ఎవరో మాట మార్చి మెత్తబరిచిన పాఠాంతరమని నా అనుమానం.

కదిరి అమ్మాయి:
మాస్టారూ, కటారుపల్లి మాకు పక్కనే. వేమన సమాధి దగ్గర పెద్దవాళ్లు పాడగా విన్నది "చాలు" అనే. వాళ్లెవరూ బడి మొహం చూసినవాళ్లు కారు.

ఛందస్సు మాస్టారు:
సమాధికి దగ్గర్లో ఉంటే పాఠం శుద్ధం అవుతుందా అమ్మా?

పాత పుస్తకాల పురుగు:
అసలు కటారుపల్లిలోనే కటారు ఉంది. ఆయుధం పేరున్న ఊళ్లో ఈ పద్యం బతికిందంటే ఏదో ఉంది. సి.పి. బ్రౌన్ దొర 1829లో అచ్చువేసిన వేమన పద్యాల ప్రతి తీస్తే తేలిపోతుంది. నా దగ్గర స్కాన్ ఉండాలి, వెతుకుతాను.

కదిరి అమ్మాయి:
ఊరి పేరుకి మీరు చెప్పే వ్యుత్పత్తి మా ఊళ్లో ఎవరూ వినలేదండీ.

ఫిలడెల్ఫియా నర్సు:
పాఠం ఏదైనా ఆ కరపత్రం మీద "చావు" మాత్రం వేయకండి. శత్రువుని పట్టుకోవడానికని కాదు ఈ చట్టం. 2023లో అమెరికాలో తుపాకుల వల్ల సుమారు 46,700 మంది పోతే, అందులో దాదాపు 27,300 మంది తమని తామే కాల్చుకున్నవాళ్లు. ఇంట్లో ఒకడు రాత్రంతా గోడకేసి చూస్తూ "ఇక నా వల్ల కాదు" అంటుంటే, ఇంట్లోవాళ్లో పోలీసులో జడ్జి దగ్గరికి వెళ్లి కొంతకాలం తుపాకి దూరంగా పెట్టించుకోవచ్చు, అంతే. కనెక్టికట్‌లో 1999 నుంచి ఉంది. ఫ్లోరిడాలో 2018లో పార్క్‌లాండ్ బడిలో 17 మంది పోయిన కొద్ది వారాలకే రిపబ్లికన్ గవర్నరే సంతకం పెట్టాడు.

ఛందస్సు మాస్టారు:
కరపత్రం కోసం పాఠం దిద్దుతారా? రేపు "చంపదగిన" కూడా తీసేయమంటారు.

స్టోర్ బాబాయ్:
కౌంటర్ కింద తుపాకి పెట్టుకుని రాత్రిళ్లు స్టోర్ నడిపేవాణ్ణి నేను. ఎవరో కక్షతో కోర్టులో అర్జీ పెడితే నా గతేమిటి? పైగా మేలు చేసి పొమ్మంటే వాడు మళ్లీ వస్తే? వేమనకి తెలియదు ఈ టెన్షన్.

ఫిలడెల్ఫియా నర్సు:
అర్జీ పడగానే అయిపోదు బాబాయ్. తాత్కాలిక ఆదేశం వచ్చినా తర్వాత విచారణ ఉంటుంది, మీ మాట జడ్జి వినాలి, ఆధారం చూపాల్సింది అర్జీ పెట్టినవాళ్లే. చాలా రాష్ట్రాల్లో ఆదేశం గడువు ఏడాది. పొడిగించాలంటే మళ్లీ కోర్టుకి రావాలి.

తిక్కన దాసుడు:
అందరూ వేమనని పట్టుకుని వేలాడుతున్నారు. మీకు కావలసింది విరాటపర్వంలో ఉంది.

కదిరి అమ్మాయి:
వచ్చారండీ. కరివేపాకు గురించి అడిగినా తిక్కనే.

తిక్కన దాసుడు:
నవ్వండి. జమ్మిచెట్టు మీద ఆయుధాలు శవంలా మూటగట్టి పెట్టారని అందరికీ తెలుసు. ఆ తర్వాత ధర్మరాజు చేసిన ప్రార్థన ఎంతమందికి గుర్తు? నాకూ అర్జునుడికీ తప్ప ఇంకెవరికీ కనిపించకండి, భీముడు వస్తే అసలే కనిపించకండి అంటాడు. వాడికి కోపం ఎక్కువ, గడువు తీరకముందే తీసుకుని కౌరవుల మీదికి పోతాడని. భీముడు శత్రువు కాదు, సొంత తమ్ముడు! ఆయుధం అతనిదే, దాన్ని లాక్కోలేదు, వేళ మించేదాకా దాచారు.

ఫిలడెల్ఫియా నర్సు:
దాసుగారూ, ఇదే కదండీ మేం సెనేటర్‌కి చెప్పలేక చస్తున్నది!

మిషిగన్ నుంచి:
జమ్మిచెట్టు అయితే మా చట్టానికి ఇంకా అతుకుతుంది. ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021లో నలుగురు పిల్లలు పోయారు. కాల్చిన కుర్రాడి తల్లిదండ్రులిద్దరికీ 2024లో శిక్ష పడింది. పిల్లలు మసిలే ఇంట్లో తుపాకికి తాళం వేయాలన్న చట్టం 2023లో చేశారు, 2024 ఫిబ్రవరి 13న అమల్లోకి వచ్చింది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పులు జరిగి ఆ రోజుకి సరిగ్గా ఏడాది. తాళం, రెడ్ ఫ్లాగ్, అన్ని తుపాకులకీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాడి పాత నేరాల తనిఖీ) మూడూ ఒకే ఊపులో వచ్చాయి. మీరు ఒక్కటే అడగకండి.

పాత పుస్తకాల పురుగు:
భీముడి మాట వ్యాసుడిలో ఉందా, తిక్కన కలిపిందా? అది తేల్చకుండా కరపత్రం ఎక్కించడం...

తిక్కన దాసుడు:
తిక్కన కలిపితే ఇంకా మంచిది. మంత్రిగా పనిచేసినవాడు. కోపిష్టి చేతికి ఆయుధం ఎప్పుడు అందకూడదో ఆయనకి తెలియదా? ఇంతకీ మీ బ్రౌన్ స్కాన్ ఏమైంది?

పాత పుస్తకాల పురుగు:
హార్డ్‌డిస్క్ దొరికింది, కేబుల్ దొరకలేదు.

పిట్స్‌బర్గ్ వాసి:
అయ్యా, భీముడి పద్యం పూర్తిగా ఎవరైనా పెట్టగలరా? మా ఆవిడ మాత్రం "చావు" దగ్గరే ఉంది.

ఛందస్సు మాస్టారు:
ఆవిడకి నా నమస్కారం చెప్పండి. ఇంతమంది ఇన్ని మాట్లాడారు, "పొసగ" అంటే ఏమిటని ఒక్కరైనా అడిగారా? "తగినట్టుగా" మేలు చేయడమా, "పొత్తు కుదిరేలా" మేలు చేయడమా? అసలు గొడవ అక్కడుంది.